కొండ చెరువుల ఒడ్డున విడిది ఆ ఊళ్ల చేతికే ఇవ్వాలి

సంపాదకులకు నమస్కారం.

చలికాలం మొదలయ్యాక శని, ఆదివారాల్లో విశాఖపట్నం నుంచి కొండలకు వెళ్లేవారి సంఖ్య ఏటేటా పెరుగుతోంది. ఒకప్పుడు అరకు, అనంతగిరి చూసి వస్తే చాలనుకునేవాళ్లం. ఇప్పుడు పాడేరు దగ్గరి వంజంగి, చింతపల్లి మండలంలోని లంబసింగి, దానికి కొద్ది దూరంలో కొండల మధ్య ఉన్న తాజంగి జలాశయం, ఇంకా పేరు అంతగా బయటికి రాని చిన్న చిన్న చెరువులు కూడా కుర్రవాళ్ల మాటల్లో వినిపిస్తున్నాయి. నీటి ఒడ్డున టెంటు వేసుకుని రాత్రంతా ఉండి, తెల్లవారుజామున పొగమంచు లేవడం చూసి రావాలన్నది వారి కోరిక. ఆ కోరికను నేను తప్పుపట్టను. ముప్పై ఏళ్లు బడిలో భూగోళం చెప్పినవాడిగా, ప్రతి పిల్లవాడూ ఒక్క రాత్రైనా అలా గడపాలని మనసారా అనుకుంటాను. అయితే ఆ రాత్రిని మనం ఇప్పుడు గడుపుతున్న తీరు ఆ చెరువులకు గానీ, వాటి మీద బతికే ఊళ్లకు గానీ మేలు చేసేది కాదు. దీన్ని సరిదిద్దడానికి పెద్ద ఖర్చు అక్కర్లేదు. హంగులు తగ్గించి, అజమాయిషీని ఆ ఊళ్ల గ్రామసభలకు అప్పగిస్తే చాలునని నా నమ్మకం.

గత డిసెంబరు రెండో వారంలో నేను, మా ఆవిడ, పదేళ్ల మనవడితో కలిసి లంబసింగి ప్రాంతంలో ఒక చెరువు ఒడ్డున ఒక రాత్రి బస చేశాం. మిథున రాశి వైపు నుంచి రాలుతున్నట్టు కనిపించే ఉల్కలు ఏటా డిసెంబరు 13, 14 తేదీల్లో జోరుగా ఉంటాయని వాడికి నేనే చెప్పి, కొండ మీద ఆకాశం తేటగా ఉంటుందని ఆశపెట్టి తీసుకువెళ్లాను. టెంట్లు అద్దెకిచ్చినవారి పేరు ఇక్కడ చెప్పను. ఒక్కరిని పట్టుకుని నిందించడం నా ఉద్దేశం కాదు. నీటి అంచుకు పదడుగుల దూరంలో నలభైకి పైగా టెంట్లు, ఒకదాని తాడు ఇంకొకదాని మేకుకు తగిలేటంత దగ్గరగా వేసి ఉన్నాయి. జనరేటరు మీద వెలిగే దీపాల వల్ల నక్షత్రాలు సరిగా కనబడలేదు. సౌండు బాక్సులు రాత్రి రెండు గంటల దాకా మోగుతూనే ఉన్నాయి. అంతమందికీ మరుగుదొడ్లు రెండే. రేకులతో కట్టిన వాటి వెనక నుంచి సన్నని కాలువ ఒకటి నేరుగా చెరువు వైపు దిగడం నేను టార్చిలైటు వెలుగులో చూశాను.

తెల్లవారాక పొగమంచు నిజంగానే అందంగా ఉంది. ఆ మంచులోనే ఒక ముసలాయన నీటి అంచున వంగి వంగి నడుస్తూ ఏదో ఏరుతుంటే దగ్గరికి వెళ్లి చూశాను. పగిలిన సీసా పెంకులు. తన పశువులు నీళ్లు తాగడానికి దిగే రేవు అదేనని, దూడ కాలు తెగిందని, అప్పటినుంచీ ప్రతి ఆదివారం, సోమవారం పొద్దున్నే వచ్చి ఏరుతున్నానని ఆయన చెప్పారు. టెంట్ల వల్ల ఆ ఊరికి ఏమైనా వస్తోందా అని అడిగితే, కట్టెలు మోసిన కుర్రాళ్లిద్దరికి కూలి ఇస్తారన్నారు. మా మనవడు ఆయనతో పాటు కాసేపు పెంకులు ఏరాడు. ఇంటికి వచ్చేదాకా వాడు ఉల్కల గురించి ఒక్క మాట కూడా అడగలేదు.

ఇది ఇలాగే ఉండాలన్న నియమమేమీ లేదని నాకు తెలుసు, ఎందుకంటే ఇంకో రకం విడిది నేను కళ్లారా చూశాను. మా అమ్మాయి అమెరికాలో మిచిగాన్ రాష్ట్రంలో ఉంటుంది. అక్కడికి వెళ్లినప్పుడు ఒక ఆగస్టు నెలలో వాళ్లు మమ్మల్ని ఉత్తరాన ప్రభుత్వ అడవిలోని ఒక సరస్సు ఒడ్డుకు తీసుకువెళ్లారు. ఆ రాష్ట్రంలో ప్రభుత్వ అడవుల్లోని ఇలాంటి విడుదులను ‘రస్టిక్’ అంటారు. మోటువి అనుకోవచ్చు. కరెంటు ఉండదు, కుళాయిలు ఉండవు, స్నానాల గదులు ఉండవు. మన ఊళ్లలో బోరింగు అంటామే, అలాంటి చేతిపంపు ఒకటి, నీటికి బాగా ఎడంగా మరుగుదొడ్డి ఒకటి, టెంటుకు ఒకటి చొప్పున నెంబరు వేసిన గుంజలు, ఒక్కో చోట మంట వేసుకోవడానికి నేలలో పాతిన ఇనుప వలయం, ఒక మొరటు చెక్క బల్ల. ఇంతే. కాపలాదారు కూడా లేడు. దారి మొదట్లో ఒక పెట్టెలో కవర్లు పెట్టి ఉంటాయి. వచ్చినవారు పేరు, రోజులు రాసి, డబ్బు అందులో పెట్టి ఇనుప గొట్టంలో వేస్తారు.

ఆ మరుగుదొడ్డి గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే అన్నిటికంటే ముఖ్యమైనది అదే. కింద నీరు ఇంకని కాంక్రీటు తొట్టి ఉంటుంది. నీళ్లు పోసే పని లేదు. తొట్టి నుంచి ఒక నల్లని గొట్టం కప్పు పైకి లేస్తుంది. ఎండకు ఆ గొట్టం వేడెక్కి లోపలి గాలి పైకి పోతుంటే, గదిలోని గాలి కిందికి లాగబడుతుంది. అందువల్ల లోపల వాసన నిలవదు. తొట్టి నిండినప్పుడు బండి వచ్చి తోడుకుపోతుంది. చుక్క కూడా నేలలోకి గానీ నీటిలోకి గానీ దిగదు. దీనిలో మనకు చేతకాని విద్య ఏమీ లేదు. మన పట్టణాల్లో సెప్టిక్ ట్యాంకులు తోడే బండ్లు రోజూ తిరుగుతూనే ఉన్నాయి.

రాత్రి పది గంటల నుంచి పొద్దున్న ఎనిమిది దాకా అక్కడ సద్దు ఉండకూడదు. మేమున్న మూడు రాత్రులూ ఎవరూ మీరలేదు. చీకట్లో లూన్ అనే నీటిపక్షి సరస్సు మీద కూస్తే, ఆ కూత కొండకు తగిలి తిరిగి వచ్చినంత స్పష్టంగా వినిపించేది. తిండి సామాను మొత్తం కారులో పెట్టి తాళం వేయాలి, లేకపోతే రకూన్లు, ఒక్కోసారి ఎలుగుబంట్లు వస్తాయి. కట్టెల విషయంలో కూడా ఒక హెచ్చరిక బోర్డు ఉంది: దూరం నుంచి కట్టెలు తేవద్దని. ఆసియా నుంచి చేరిన ఒక ఆకుపచ్చ పురుగు 2002లో డెట్రాయిట్ దగ్గర బయటపడిందట. దాని లార్వాలు బెరడు కింద తొలుస్తూ కోట్లకొద్దీ యాష్ చెట్లను చంపేశాయి. జనం తమ వెంట తీసుకువెళ్లే వంటచెరకులో దాక్కునే అది కొత్త అడవులకు పాకింది. ఒక్క కారు డిక్కీలోని కట్టెల మోపు ఎంత పని చేయగలదో నాకు అప్పుడు అర్థమైంది.

అక్కడివన్నీ గొప్పవి, ఇక్కడివన్నీ తక్కువవి అనే మాట నేను అనను. ఆ రాష్ట్రంలోని పైన్ అడవులను 19వ శతాబ్దంలో మొదళ్లదాకా నరికేశారు. మిగిలిన తుప్పలు తగలబడ్డాయి. మేము చూసిన చెట్లలో చాలావరకు ఆ తరువాత నాటినవి. 1933 నుంచి 1942 వరకు ఆర్థిక మాంద్యం రోజుల్లో పనిలేని యువకులను ప్రభుత్వం దళాలుగా చేర్చుకుని కోట్ల మొక్కలు నాటించింది. పోగొట్టుకున్న తరువాత నేర్చుకున్న జాగ్రత్త అది. మన ఏజెన్సీలో అడవి ఇంకా కొంత మిగిలే ఉంది కాబట్టి, మనం పోగొట్టుకోకముందే నేర్చుకోవచ్చు.

మన కొండ చెరువుల దగ్గరికి వస్తే, మొదట టెంట్లు నీటి అంచు నుంచి వెనక్కి జరగాలి. నీటికి కనీసం 60 మీటర్ల ఎడం ఉండాలన్నది అడవుల్లో విడిది చేసేవారు చాలా దేశాల్లో పాటించే లెక్క. ఇది చెరువుకే కాదు, పడుకునేవారికీ మంచిది. రాత్రి చల్లబడిన గాలి బరువెక్కి వాలు వెంట జారి చెరువున్న పల్లంలోకి చేరుతుంది; తేమ కూడా అక్కడే ఎక్కువ. లంబసింగి సముద్రమట్టానికి సుమారు వెయ్యి మీటర్ల ఎత్తున ఉండడంతో విశాఖ కంటే ఎలాగూ ఆరేడు డిగ్రీలు చల్లగా ఉంటుంది, ఆ పల్లంలో మరింత తగ్గుతుంది. నీటి అంచున వేసిన టెంటు తెల్లారేసరికి లోపలా బయటా తడిసి ముద్దవుతుంది. కాస్త మెరక మీద, చెట్ల చాటున వేస్తే అదే టెంటు పొడిగా ఉంటుంది. పైగా రాత్రిపూట అడవి జంతువులు నీటికి వచ్చే దారీ, పగటిపూట పశువులు దిగే రేవూ నీటి అంచే. చెరువు మట్టికట్ట మీద, నీరు వదిలే మదుము (తూము) దగ్గర మేకులు దిగ్గొట్టడం అసలే కూడదు. ఆ కట్టను నమ్ముకుని కింద పొలాలున్నాయి.

ఆ నీరు ఎవరిదన్న ప్రశ్న విశాఖవాసులుగా మనం ప్రత్యేకంగా వేసుకోవాలి. అనంతగిరి కొండల్లో పుట్టిన గోస్తని బొర్రా గుహల మీదుగా దిగి, తాటిపూడి జలాశయంలో నిలిచి, మన నగరానికి తాగునీరుగా వస్తుంది. శారద నది మీద దేవరాపల్లి దగ్గరున్న రైవాడ నీరు కూడా మనకు చేరుతుంది. శనివారం రాత్రి కొండ మీద గెడ్డలోకి, అంటే కొండవాగులోకి, వదిలినది చివరికి కిందికే చేరుతుందని భూగోళం పాఠంలో పిల్లలకు చెబుతూ, మనమే దాన్ని మరిచిపోవడం నాకు చాలా బాధ కలిగిస్తుంది. గెడ్డలో, చెరువులో సబ్బుతో స్నానం చేయడం, గిన్నెలు తోమడం కూడా ఆపాలి. నీరు బిందెతో తోడుకుని దూరంగా తీసుకువెళ్లి, అక్కడి నేల మీద పారబోస్తే మట్టి చాలావరకు శుభ్రం చేస్తుంది.

మంట విషయంలో నాకు ఇంకా భయంగా ఉంది. ఆ రాత్రి టెంట్ల ముందు మంటలు లెక్కపెడితే ఇరవై ఆరు కనిపించాయి. ఎండుపుల్లలు చాలక పచ్చికొమ్మలు విరిచి తెచ్చారు. రిజర్వు అడవిలో నిప్పు రాజేయడం 1967 నాటి రాష్ట్ర అటవీ చట్టం ప్రకారం నేరం. డిసెంబరులో మంచు తడి కాపాడుతుంది గానీ, ఫిబ్రవరి దాటి ఆకు రాలాక ఒక్క నిప్పురవ్వ చాలు. పెద్దలు ఊరంతటికీ ఒకే నెగడు వేసేవారు. విడిదికి కూడా ఒకే నెగడు, రాళ్లు పేర్చిన ఒకే చోట, ఆ ఊరివారు అమ్మే ఎండుకట్టెలతో, వారి కళ్లెదుటే వేసి, వారి కళ్లెదుటే నీళ్లు పోసి ఆర్పే పద్ధతి రావాలి. ఇంకొక మాట ఇక్కడే చెప్పక తప్పదు. మా పక్క టెంటులో ఒక కుటుంబం చలికి తట్టుకోలేక నిప్పుల కుంపటిని టెంటులోకి తీసుకువెళ్లబోయారు. నేను, మా ఆవిడ బతిమాలి ఆపాం. మూసిన టెంటులో బొగ్గులు మండితే వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. నిద్రలోనే ప్రాణం పోతుంది. టెంటు అద్దెకిచ్చేవారు ఈ మాట ప్రతి ఒక్కరికీ నోటితో చెప్పడం నిబంధన కావాలి.

చప్పుడు గురించి ఎక్కువ రాయనవసరం లేదు. రాత్రి పది నుంచి ఉదయం ఆరు వరకు ఆరుబయట లౌడు స్పీకర్లు వాడకూడదని దేశమంతటికీ 2000 సంవత్సరం నుంచీ నిబంధనలు ఉన్నాయి. అవి కొండ మీద కూడా చెల్లుతాయి. అలాగే ప్లాస్టిక్ పళ్లేలు, గ్లాసులు, చెంచాలు 2022 జులై 1 నుంచి దేశమంతటా నిషిద్ధం. వాటికి బదులు వెతుక్కోవలసిన పని కూడా లేదు. మన ఏజెన్సీ ఆడవాళ్లు అడ్డాకులతో కుట్టే విస్తళ్లు ఎప్పటినుంచో ఉన్నాయి. ఆ విస్తరిలో తిని, దాన్ని పశువుల ముందో చెట్టు మొదట్లోనో వేస్తే సరిపోతుంది.

ఇక అజమాయిషీ. మన కొండ ప్రాంతం గిరిజన ప్రాంతాలకు రక్షణ కల్పించే రాజ్యాంగంలోని అయిదో షెడ్యూలు కిందికి వస్తుంది. గిరిజనేతరులకు భూమి బదలాయింపును 1959 నాటి ఒకటో రెగ్యులేషను, దాన్ని సవరించిన 1970 నాటి ఒకటో రెగ్యులేషను అడ్డుకుంటున్నాయి. అందరూ దీన్నే 1/70 అంటారు. ప్రభుత్వం కూడా షెడ్యూలు ప్రాంతంలోని తన భూమిని గిరిజనేతరులకు లీజుకివ్వరాదని 1997లో సమత అనే స్వచ్ఛంద సంస్థ వేసిన కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అన్నిటికంటే సూటిగా, పంచాయతీ వ్యవస్థను గిరిజన ప్రాంతాలకు విస్తరించిన 1996 నాటి పెసా చట్టం షెడ్యూలు ప్రాంతాల్లోని చిన్న నీటి వనరుల ప్రణాళిక, నిర్వహణ తగిన స్థాయి పంచాయతీలకు అప్పగించాలని అంటోంది. కొండ చెరువు ఒడ్డున ఎన్ని టెంట్లు ఉండాలి, ఎక్కడ ఉండాలి, ఏ నెలల్లో మూసివేయాలి అన్నది ఆ ఊరి గ్రామసభ నిర్ణయించాలని అడగడానికి ఇంతకంటే వేరే ఆధారం అక్కర్లేదు. బయటి నుంచి వచ్చి ఎవరి పేరు మీదనో స్థలం తీసుకుని, వారాంతాల్లో వసూలు చేసుకుపోయే పద్ధతి ఈ చట్టాల ఉద్దేశానికి పూర్తిగా విరుద్ధం.

ఊళ్లవారికి ఇది చేతకాదనే వాదన నేను ఒప్పుకోను. మారేడుమిల్లి అడవిలో వన సంరక్షణ సమితుల చేతుల మీదుగా విడుదులు నడిచిన అనుభవం మన రాష్ట్రంలోనే ఉంది. అనకాపల్లి జిల్లాలోని కొండకర్ల ఆవ అనే మంచినీటి సరస్సులో రెండు తాటిదోనెలు జతకట్టి, చూడవచ్చినవారిని తామరాకుల మధ్యకు తీసుకువెళ్లేది చుట్టుపక్కల ఊళ్లవారే. ఏ నెలలో ఏ పక్షి వస్తుందో వారికి నోటికి వచ్చు. అలాంటి మనిషి పక్కన నిలబడి తెల్లవారుజామున చెరువును చూపిస్తే, దాని కోసం వంద మైళ్లు వెళ్లినా దండగ కాదు. వేడివేడి చోడి (రాగి) అంబలి, చింతపల్లి రాజ్‌మా కూర, సామల అన్నం ఊరి ఆడవాళ్లు వండిపెడితే ఆ డబ్బు ఆ ఊళ్లోనే నిలుస్తుంది. టెంటు అద్దెలో కొంత భాగం మరుగుదొడ్డి తోడే బండికి, కొంత కట్ట మరమ్మతుకు, మిగిలింది పనిచేసినవారికి పంచేలా గ్రామసభే తీర్మానం చేసుకోవచ్చు. ఇప్పుడు టెంట్లు నడుపుతున్నవారిలో ఆ ఊరి గిరిజన యువకులు కూడా కొందరు ఉన్నారని నాకు తెలుసు. వారిని తీసివేయాలని నేను కోరడం లేదు. ఈ పద్ధతిలో మొదటి హక్కు వారిదే.

ఆరోగ్యం విషయంలో మనవైపు నుంచి కూడా బాధ్యత ఉంది. మన ఏజెన్సీకి మలేరియా పాత శత్రువు. కొండ గెడ్డల నెమ్మదైన పారుదలలో పెరిగే దోమలు చలికాలంలో కూడా ఉంటాయి. దోమతెర గానీ, దోమతెర అల్లిన టెంటు గానీ లేకుండా నీటి దగ్గర పడుకోకూడదు. కొండ నుంచి తిరిగి వచ్చిన రెండు మూడు వారాల్లో జ్వరం వస్తే ఎక్కడికి వెళ్లి వచ్చామో డాక్టరుకు ముందుగా చెప్పాలి. వచ్చినవారి పేర్లు, బండి నెంబర్లు రాసే పుస్తకం ఒకటి విడిదిలో ఉంటే, రాత్రివేళ ఎవరైనా తప్పిపోయినా, పాము కరిచినా వెతకడానికి, నర్సీపట్నం ఆసుపత్రికి పంపడానికి వీలవుతుంది. ఘాట్ రోడ్డులో ఆ మంచులో బండి నడపడం ఎంత కష్టమో అనుభవించినవారికి తెలుసు. అందుకే చీకటి పడ్డాక కొత్తవారిని చేర్చుకోకపోవడం మంచిది.

పాడేరు సమీకృత గిరిజనాభివృద్ధి సంస్థ, అటవీ, పర్యాటక శాఖలు కలిసి వచ్చే చలికాలానికి ముందుగా ఒక్క చెరువునైనా ఎంచుకుని, ఆ ఊరి గ్రామసభ సమ్మతితో ఇలాంటి సాదా విడిదిని మొదలుపెట్టాలని నా విన్నపం. నీరు ఇంకని తొట్టితో నాలుగు మరుగుదొడ్లు, ఒక బోరింగు, ఒక నెగడు చోటు, పదిహేను ఇరవై టెంట్లకు నెంబరు వేసిన గుంజలు, ఒక రిజిస్టరు ఉంటే చాలు. జనరేటరు వద్దు. సౌండు బాక్సులు వద్దు.

మీ పత్రికకు కూడా ఒక మనవి. ఏటా చలి పెరగగానే లంబసింగి ఉష్ణోగ్రత, పొగమంచు ఫొటోలు మీరు మొదటి పేజీలో వేస్తారు. అవి చూసే మాలాంటివాళ్లం బయలుదేరుతాం. ఆ ఫొటో పక్కనే, ఏ చెరువు దగ్గర ఏ గ్రామసభ అనుమతితో విడిది నడుస్తోందో, ఆ వారం ఎన్ని టెంట్లకు చోటు ఉందో, ముందుగా పేరు ఎక్కడ రాయించుకోవాలో కూడా ప్రచురిస్తే, చోటు లేని వారం మేము ఇంట్లోనే ఉంటాం.

భవదీయుడు,
విశ్రాంత ఉపాధ్యాయుడు,
సీతమ్మధార, విశాఖపట్నం